పిల్లల బాస్కెట్‌బాల్‌లో ‘జోన్ వద్దు, ప్రెస్ వద్దు’ అన్నప్పుడు రిఫరీ విజిల్ ఎక్కడ వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నల్లగొండ దగ్గర వేసవి శిక్షణ శిబిరం ముగింపు టోర్నమెంటు, అండర్-12, అండర్-14 జట్లు. నిర్వాహకులు మూడు షరతులు పెట్టారు. జోన్ డిఫెన్స్ (మనిషి వెంట పోకుండా తన వంతు చోటును కాయడం) ఆడొద్దు, సెంటర్ లైన్ దాటి ప్రెస్ చేయొద్దు (ఎదుటి జట్టు సగంలోకే పోయి బంతి మీదపడొద్దు), బంతి ఉన్న పిల్లవాడి మీదికి ఇద్దరు పోవద్దు (డబుల్ టీం). ఆట మొదలైన రెండో నిమిషం నుంచే రెండు బెంచీల నుంచి "గది జోన్ కాదా సార్?" అని ఒర్రుడు మొదలవుతోంది. రూల్ పుస్తకం తిరగేస్తే ఈ మూడింటి ఊసే లేదు. ఎట్లా గుర్తుపట్టాలి, ఏం శిక్ష వేయాలి? గురుకులం పిల్లలు జోన్ ఒక్కటే నేర్చుకుని వచ్చారు, వాళ్లనేం చేయాలని కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు సూటి జవాబు. జోన్ విషయంలో డిఫెండర్ నిలబడ్డ చోటును బట్టి తీర్పు చెప్పకండి. తన మనిషి కదిలినప్పుడు వెంట పోయాడా లేదా, అది చూసి చెప్పండి. ప్రెస్‌కు గీతే కొలత, గీత మీద కాలు పడితే దాటినట్టే. డబుల్ టీంకు సమయం కొలత: మనసులో రెండు లెక్కపెట్టేలోపు ఇద్దరిలో ఒకరు విడిచిపెడితే తప్పు లేదు. మొదటిసారి హెచ్చరించి స్కోర్‌షీట్ మీద రాయించండి. ఆ తర్వాత పడే శిక్ష బెంచికి పడాలి, పిల్లల ఫౌళ్ల లెక్కలోకి రాకూడదు. ఆ శిక్ష ఏమిటో ఆటకు ముందే కాగితం మీద లేకపోతే మాత్రం, హెచ్చరిక తప్ప ఇంకేమీ వేయకండి. వేస్తే నిలబడదు.

పుస్తకంలో దొరకలేదని కంగారుపడకండి, అందులో లేదు కాబట్టే దొరకలేదు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) అయినా, ఫుల్ కోర్టు ప్రెస్ అయినా ఏ డిఫెన్స్ అయినా ఆడుకోవచ్చు. చిన్నపిల్లల పోటీల్లో చాలా దేశాలు జోన్‌ను ఆపుతాయి, కానీ అది ఏ పోటీకి ఆ పోటీ రాసుకునే షరతు. కారణం తేలిక. పదకొండేళ్ల పిల్లవాడికి 3.05 మీటర్ల రింగుకు దూరం నుంచి బంతి అందదు. ఐదుగురూ రింగు కింద గుంపుగా నిలబడితే ఆట అయిపోయినట్టే. అటు డిఫెన్స్ ఆడేవాడు కాళ్లు కదపడం నేర్చుకోడు, ఇటు అటాక్ చేసేవాడికి లోపలికి దారి ఉండదు. ప్రెస్‌దీ ఇదే కథ. ఇంకా సరిగా డ్రిబుల్ రాని పిల్ల మీదికి ఇద్దరు ఉరికితే బంతి సెంటర్ లైన్ దాటనే దాటదు.

ఇక్కడే ఇంకో మాట. ఫోన్‌లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసే కోచ్ ప్రతి టోర్నమెంట్‌లో ఒకరుంటారు. "డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ సార్!" అని లేస్తారు. అది ఎన్‌బీఏ సొంత నియమం. అక్కడ జోన్ మీద ఉన్న పాత నిషేధాన్ని 2001-02 సీజన్ నుంచి ఎత్తేసి, దాని బదులు ఈ షరతు తెచ్చారు. చేతికందే దూరంలో ఎవరినీ గార్డ్ చేయకుండా డిఫెండర్ పెయింట్‌లో (రింగు ముందు గీసిన గడిలో) మూడు సెకన్లకు మించి ఉండకూడదన్నది దాని సారం. ఫిబా ఆటలో మూడు సెకన్ల నియమం అటాక్ చేసే జట్టుకు మాత్రమే. మీ టోర్నమెంట్ కాగితంలో ఆ మాట లేకపోతే ఆ కోచ్‌కు "మన దగ్గర లేదు సార్" అని ఒక్కసారి చెప్పి ముందుకు పోండి.

జోన్‌ను పట్టుకోవడం

అసలు తిప్పలంతా ఇక్కడే, కాబట్టి దీనిమీదే ఎక్కువ చెప్తాను.

ఒక రింగు నుంచి ఇంకో రింగు దాకా కోర్టు నడిమధ్యన తాడు కట్టినట్టు అనుకోండి. బంతి తాడుకు కుడిపక్క ఉందనుకుందాం. ఎడమపక్క అటాకర్లను గార్డ్ చేసేవాళ్లు తమ మనిషిని వదిలి తాడు దాకా, అంటే పెయింట్ నడుమ దాకా రావచ్చు. అది జోన్ కాదు, మంచి మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాయడం). బంతికి దూరంగా ఉన్న డిఫెండర్ సాయానికి దగ్గరగా ఉండమనే ఏ కోచ్ అయినా నేర్పిస్తాడు. బెంచీలో కూర్చున్నాయనకు మాత్రం పెయింట్‌లో ఒక పిల్లవాడు ఎవరి పక్కనా లేకుండా కనిపిస్తాడు, వెంటనే "జోన్!" అంటాడు. రిఫరీలు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే.

చూడాల్సింది కదలిక. కుడి వింగ్‌లో (పక్క గీత వైపు) 7వ నంబరు బంతి పట్టుకుంది. ఎడమ కార్నర్‌లో 11వ నంబరు, ఆమెను గార్డ్ చేసే 5వ నంబరు పెయింట్ నడుమ నిలబడి ఉంది. ఇప్పటిదాకా చెప్పడానికేమీ లేదు. 11 బేస్‌లైన్ (రింగు వెనక గీత) మీదుగా కుడి కార్నర్‌కు పరుగెత్తింది. 5 తల తిప్పి, ఆమెతోపాటే పెయింట్ దాటి కుడిపక్కకు పోతే మ్యాన్ టు మ్యాన్. 5 అక్కడే నిలబడి, చెయ్యి చూపించి "నీది, నీది" అని తన తోటి పిల్లకు అప్పజెప్పి, మళ్లీ ఎడమపక్క ఖాళీ చోటుకే మొహం పెట్టిందంటే అది జోన్. ఒక్కసారి జరిగితే పొరపాటు కావచ్చు. వరుసగా రెండు మూడు అటాక్‌లలో అదే పిల్ల అదే చోటుకు తిరిగి వస్తే అది నేర్పించిన జోన్.

రెండో గుర్తు, అటాకర్లు ఒకపక్కనే పోగైనప్పుడు తెలుస్తుంది. నలుగురు అటాకర్లు కుడిపక్కకు పోయారు, అయినా ఇద్దరు డిఫెండర్లు ఎడమపక్కనే కాపలా ఉన్నారు. వాళ్లు మనిషిని కాయడం లేదు, స్థలాన్ని కాస్తున్నారు. మూడో గుర్తు కళ్లు. మ్యాన్ టు మ్యాన్ ఆడే పిల్ల బంతిని, తన మనిషిని మార్చి మార్చి చూస్తుంది. జోన్ ఆడే పిల్ల బంతినే చూస్తుంది, తన వెనక నుంచి ఎవరు పోయారో కూడా పట్టదు. కళ్లను బట్టి ఒక్కటే తీర్పు చెప్పకండి, మొదటి రెండు గుర్తులకు తోడుగా వాడుకోండి.

ఒక చిక్కుంది. అటాక్ జట్టు కదలకపోతే జోన్‌ను నిరూపించలేరు. ఐదుగురు అటాకర్లూ తలా ఒక చోట మేకులు కొట్టినట్టు నిలబడితే డిఫెండర్లూ నిలబడే ఉంటారు, అది తప్పెట్లా అవుతుంది? అటువంటప్పుడు విజిల్ వేయకండి. కోచ్ అడిగితే "మీ పిల్లలను కట్ చేయమనండి సార్, అప్పుడు తేలుతుంది" అనండి (కట్ అంటే బంతి లేకుండా ఖాళీ చోటుకు పరుగెత్తడం).

జోన్‌లా కనిపించినా జోన్ కానివి కొన్ని ఉన్నాయి:

ఫాస్ట్ బ్రేక్‌లో వెనక్కి ఉరికే పిల్లలు ముందు రింగు దగ్గరికి చేరుతారు, ఆ తర్వాత తమ మనిషిని వెతుక్కుంటారు. నాలుగైదు సెకన్లు ఇవ్వండి. రింగు కింద బేస్‌లైన్ నుంచి త్రో-ఇన్ ఉన్నప్పుడు కూడా అందరూ పెయింట్‌లోనే పోగవుతారు, బంతి లోపలికొచ్చి ఒక పాస్ పడేదాకా ఆగండి. స్క్రీన్ (డిఫెండర్ దారికి అటాకర్ అడ్డుగా నిలబడడం) పడ్డప్పుడు ఇద్దరు డిఫెండర్లు మనుషులను మార్చుకోవచ్చు, మార్చుకున్నాక కొత్త మనిషి వెంట పోతున్నారా లేదా అదే ముఖ్యం. తన మనిషి త్రీ పాయింట్ గీత బయట ఊరికే నిలబడితే అంతదూరం పోవాలని ఏ డిఫెండర్‌నూ బలవంతపెట్టకండి. లేకుంటే తెలివైన కోచ్ నలుగురిని సెంటర్ లైన్ దగ్గర నిలబెట్టి, తన బెస్ట్ ప్లేయర్‌కు పెయింటంతా ఖాళీ చేయించి ఒంటరిగా ఆడిస్తాడు. ఆ దారి మూయాలంటే కాగితంలోనే ఒక వాక్యం ఉండాలి: బంతి లేని అటాకర్ త్రీ పాయింట్ గీత బయట ఉంటే అతని డిఫెండర్ పెయింట్ దాకా రావచ్చు.

ఇక అండర్-10 పిల్లలైతే పదిమందీ బంతి చుట్టూ తేనెటీగల్లా మూగుతారు. దానికి పేరు పెట్టకండి, శిక్ష అసలే వద్దు. ఆట నడుస్తుండగానే "నీ మనిషి ఏడి?" అని గట్టిగా అడగండి, సగం మంది గుర్తుకొచ్చి ఉరుకుతారు.

మన దగ్గరి కోర్టుల గురించి ఒక హెచ్చరిక. నల్లగొండ, పాలమూరు వైపు చాలా స్కూళ్ల సిమెంట్ కోర్టులు పాతవి. ఫిబా 2010లో పెయింట్‌ను దీర్ఘచతురస్రంగా మార్చి, త్రీ పాయింట్ గీతను 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిపింది. పాత కోర్టుల మీద ఇప్పటికీ కింద 6 మీటర్ల వెడల్పున్న ట్రెపీజియం గీతలే ఉంటాయి. కొత్త పెయింట్ వెడల్పు 4.90 మీటర్లు. పెయింట్‌ను బట్టి షరతు పెట్టినప్పుడు ఈ తేడాతోనే లొల్లి మొదలవుతుంది. మీద నుంచి వాలీబాల్ గీతలు, ఖోఖో గీతలు కూడా గీసి ఉంటే పిల్లలకే కాదు, మీకూ ఏది ఏదో తెలియదు. పొద్దున్నే సున్నంతో ఒక్క పెయింట్, ఒక్క సెంటర్ లైన్ మళ్లీ గీయించండి. ఇద్దరు కోచ్‌లకూ దగ్గరుండి చూపించండి.

ప్రెస్: గీత, మొహం, పరుగు

జోన్ కంటే ఇది తేలిక, గీత ఉంది కాబట్టి. ఫిబా లెక్కలో సెంటర్ లైన్ బ్యాక్‌కోర్టులో (అటాక్ జట్టు కాపాడుకునే రింగు ఉన్న సగంలో) భాగం. అందుకే అటాక్ జట్టు ఇంకా తన బ్యాక్‌కోర్టులో ఉన్నప్పుడు డిఫెండర్ కాలు సెంటర్ లైన్ మీద పడితే, ఆ సగంలోకి పోయినట్టే. డ్రిబుల్ చేసేవాడు ఎప్పుడు దాటినట్టు? రెండు కాళ్లూ, బంతీ మూడూ ముందు సగంలో పడ్డప్పుడు. ఈ రెండు మాటలూ పుస్తకంలోని బ్యాక్‌కోర్టు నియమం నుంచే వచ్చినవి కాబట్టి ఎవరూ వాదించలేరు.

గీత దగ్గరే కాచుకుని కూర్చుని, బంతి దాటగానే మీదపడే జట్లుంటాయి. నియమం తప్పలేదు కానీ నియమం ఎందుకు పెట్టారో ఆ పని జరగదు. దీనికి మంచి ఉపాయం కోర్టు మీదే గీసి ఉంది. సెంటర్ సర్కిల్ వ్యాసార్థం 1.80 మీటర్లు. డిఫెండర్లు ఆ సర్కిల్ అంచు వెనక ఆగాలని కాగితంలో రాయండి. పిల్లలకు చూపించడమూ తేలిక, టేపు అక్కర్లేదు.

రీబౌండ్ తర్వాత గందరగోళం ఎక్కువ. అటాక్ జట్టుగా షూట్ చేసినవాళ్లు ఇప్పుడు డిఫెండర్లు, వాళ్లందరూ ఎదుటి జట్టు బ్యాక్‌కోర్టులోనే ఉన్నారు. అప్పుడు గీతను బట్టి చెప్పలేరు. మొహం చూడండి. తన రింగు వైపు తిరిగి ఉరికేవాడు ప్రెస్ చేయడం లేదు, దారిలో బంతితో వచ్చేవాడికి అడ్డొచ్చినా సరే. బంతి వైపు తిరిగి అడుగు వేసినవాడు చేస్తున్నాడు. రీబౌండ్ పట్టుకున్న పిల్లవాడి చేతుల్లోంచి గుంజుకోబోవడం కూడా ప్రెస్ కిందికే వస్తుంది. చేయి జారి నేల మీద దొర్లే బంతి మాత్రం ఎవరిదైనా, ఎక్కడైనా అందుకోవచ్చు.

8 సెకన్లలో బంతిని సెంటర్ లైన్ దాటించాలన్న నియమాన్ని తీసేయకండి. మన టోర్నమెంట్లలో చాలాచోట్ల 24 సెకన్ల గడియారం (ఆలోపు షూట్ చేయాలి) ఉండదు. ప్రెస్ లేదు, గడియారం లేదు, 8 సెకన్లూ లేవంటే గెలుస్తున్న జట్టు బ్యాక్‌కోర్టులో బంతి తట్టుకుంటూ నిలబడుతుంది. చేత్తో లెక్కపెట్టండి. డిఫెండర్ ప్రెస్ తప్పు చేస్తే కొత్త 8 సెకన్లు ఇవ్వండి.

డబుల్ టీం

డ్రైవ్‌ను ఆపడానికి సాయం రావడం తప్పు కాదు, పెయింట్ లోపల ఇద్దరు ముగ్గురు ఉన్నా తప్పు కాదు. పెయింట్ బయట ఒక డిఫెండర్ ఓడిపోయాడు, రెండోవాడు అడ్డొచ్చాడు, మొదటివాడు కోలుకుని వచ్చాడు. ఆ క్షణంలో ఇద్దరున్నారు. ‘ఒకటి, రెండు’ లెక్కపెట్టండి. అటాకర్ డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక కూడా ఇద్దరూ చేతులెత్తి మీదే ఉంటే అది ట్రాప్. ఒకడు తన మనిషి దగ్గరికి పోతే ఏమీ లేదు.

విజిల్ ఎప్పుడు, ఎట్లా

జోన్‌కూ ప్రెస్‌కూ విజిల్ వేసే సమయం ఒకటి కాదు. జోన్ కనిపించినా, అటాకర్ షూట్ చేయబోతుంటే లేదా దారి ఖాళీగా దొరికితే ఆగండి. బంతి పడితే పాయింట్లు ఇవ్వండి, ఆట ఆగినప్పుడు హెచ్చరించండి. విజిల్ ముందు పడి, బంతి తర్వాత చేయి వదిలితే ఆ బాస్కెట్ లెక్కకు రాదు. పాపం, ఏ జట్టును కాపాడాలని నియమం పెట్టారో దానికే నష్టం. ప్రెస్‌లో మాత్రం ఆగొద్దు. తప్పుగా ప్రెస్ చేసి బంతి గుంజుకుంటే మరుక్షణం లేఅప్ (రింగు దగ్గరి తేలిక షాట్) పడుతుంది, దాన్ని వెనక్కి తీసుకోలేరు. గీత దాటి బంతి మీదికి పోయిన మొదటి అడుగుకే ఊదండి.

ఈ తప్పులకు ప్రత్యేకమైన చేతి సైగ లేదు. మామూలు వయొలేషన్‌కు (ఫౌల్ కాని నియమ ఉల్లంఘనకు) చేసినట్టే అరచెయ్యి తెరిచి పైకెత్తి గడియారం ఆపించండి, టేబుల్ వైపు తిరిగి "జోన్" లేదా "ప్రెస్" అని జట్టు రంగు చెప్పండి. త్రో-ఇన్ అటాక్ జట్టుకు, తప్పు జరిగిన దగ్గరి చోటు నుంచి. ప్రెస్ అయితే బంతిని ముందు సగంలో, సెంటర్ లైన్ పక్క నుంచి ఇవ్వమని కాగితంలో పెట్టుకుంటే మంచిది. లేకుంటే మళ్లీ అదే బ్యాక్‌కోర్టులో అదే తంతు. 24 సెకన్ల గడియారం ఉన్న చోట మామూలు లెక్కే: ముందు సగంలో త్రో-ఇన్ అయితే 14 లేదా ఎక్కువ మిగిలితే అలాగే నడుస్తుంది, 13 లేదా తక్కువ ఉంటే 14కు తేవాలి.

తప్పుతోపాటే ఫౌల్ కూడా జరిగితే ఏది ముందో అదే. ముందు దెబ్బ తగిలితే ఫౌల్ ఇవ్వండి. విజిల్ పడ్డాక మామూలుగా తగిలితే వదిలేయండి, కావాలని కొట్టింది మాత్రం వదలొద్దు.

ఇద్దరు రిఫరీలుంటే బంతి దగ్గర లేని రిఫరీకే జోన్ అప్పజెప్పండి. బేస్‌లైన్ దగ్గరి లీడ్‌కు పెయింట్‌లో ఎవరు ఎంతసేపున్నారో తెలుస్తుంది కానీ కట్ మొత్తం కనిపించదు. వెనక ఉన్న ట్రెయిల్‌కు పదిమందీ కనిపిస్తారు. లీడ్ "5వ నంబరు ఖాళీగా ఉంది" అని అనుమానిస్తే, ట్రెయిల్ వచ్చే అటాక్‌లో ఆ 5 వెంట ఒక కన్ను వేస్తాడు. యూరప్‌లో కొన్నిచోట్ల దీని కోసమే టేబుల్ దగ్గర ఒక పరిశీలకుడిని వేరుగా కూర్చోబెడతారు. మండల స్థాయి టోర్నమెంట్‌లో అంతమంది దొరకరు. ఒక్కరే రిఫరీ అయితే మ్యాచ్ లేని స్కూలు పీఈటీ సార్‌ను టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఆ ఒక్క పని చూడమనండి. విజిల్ మీదే, ఆయన చెయ్యెత్తడం వరకే.

శిక్ష

మెట్లుగా పెట్టుకోండి. మొదటిసారి హెచ్చరిక, కోచ్‌ను పిలిచి చెప్పి, స్కోర్‌షీట్ అంచున నిమిషంతో సహా రాయించాలి. రెండోసారి మళ్లీ హెచ్చరికా, నేరుగా టెక్నికల్ ఫౌలా (ఒంటికి తగలడంతో సంబంధం లేని ఫౌల్) అన్నది నిర్వాహకులు తేల్చుకోవాలి. అండర్-12కు రెండు హెచ్చరికలు, అండర్-14కు ఒకటి సరిపోతుందని నా అభిప్రాయం. హెచ్చరికలు రెండో సగంలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయా అన్నది కూడా రాసుకోండి, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

టెక్నికల్ వేస్తే ఒక ఫ్రీ త్రో, ఆ తర్వాత ఆట ఆగినచోటి నుంచే, బంతి ఎవరిదో వాళ్లకే. పిల్లవాడి పేరు మీద రాయొద్దు. వాడు కోచ్ చెప్పింది చేశాడు, ఐదు ఫౌళ్లలో ఒకటి వాడికెందుకు పడాలి? కోచ్ గడిలో రాయండి. అందులోనూ ఒక మెలిక ఉంది. కోచ్ సొంత ప్రవర్తనకు పడే ‘సి’ రెండు వస్తే ఆయన బయటికి పోవాలి. బెంచి తరఫున పడే ‘బి’ అయితే మూడు వస్తేనే పోవాలి. జోన్‌కు ‘బి’ రాయాలని ముందే తేల్చండి. లేకుంటే అరవని, తిట్టని మనిషి కూడా రెండు జోన్లకు గేటు బయట నిలబడతాడు. కోచ్, బెంచి టెక్నికళ్లు జట్టు ఫౌళ్ల లెక్కలోకి రావు. కొత్త స్కోరర్లు ఇక్కడ తప్పకుండా పొరపడతారు, టిక్కు పెట్టేస్తారు. జట్టు ఐదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు కాబట్టి ఆ ఒక్క టిక్కు మ్యాచ్‌ను మార్చేస్తుంది. క్వార్టర్ బ్రేక్‌లో షీట్ మీరే ఒకసారి చూసుకోండి.

మొదటి మూడు క్వార్టర్లు జోన్‌ను చూసీచూడనట్టు వదిలి, ఆఖరి రెండు నిమిషాల్లో మొదటిసారి ఊదే రిఫరీ కంటే అసలు ఊదనివాడు నయం. హెచ్చరించాల్సి ఉంటే మొదటి క్వార్టర్‌లోనే హెచ్చరించండి. అలాగే మ్యాన్ టు మ్యాన్ తప్పనిసరైతే చేతులు తగలడం ఎక్కువవుతుంది. డ్రిబుల్ చేసేవాడి నడుము మీద చెయ్యి ఆనించి పక్కన ఉరకడం మొదటి మూడు నిమిషాల్లోనే ఫౌల్ ఇచ్చేయండి, తర్వాత వాళ్లే చేతులు తీస్తారు.

కోచ్ "జోన్ సార్, జోన్ సార్" అని పట్టుకుంటే ఆట ఆగినప్పుడు ఒకే ప్రశ్న వేయండి: "ఎవరి మనిషి వదిలేశారో నంబరు చెప్పండి సార్." నంబరు చెప్పగలిగితే వచ్చే అటాక్‌లో ఆ నంబరు చూడండి, ఆయన మాట నిజమయ్యే అవకాశం ఉంది. చెప్పలేకపోతే ఆయన చూసింది ఆకారాన్ని, మనిషిని కాదు.

20 పాయింట్ల తేడా వస్తే ప్రెస్ ఆపాలని షరతు పెట్టేవాళ్లూ ఉన్నారు, ప్రెస్ అనుమతించిన పోటీల్లో. పెడితే తిరిగి ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పాలి. 20 దగ్గర ఆపి 19కి మళ్లీ మొదలైతే ప్రతి బాస్కెట్‌కూ నియమం మారుతుంది, పిల్లలకు పిచ్చెక్కుతుంది. 20కి చేరితే ఆపాలి, 15కు దిగితేనే మళ్లీ మొదలు. టేబుల్ వాళ్లు చెప్పాలి, ఆట ఆగినప్పుడే అమల్లోకి రావాలి.

ఇక జోన్ ఒక్కటే నేర్చుకుని వచ్చిన మీ గురుకులం పిల్లలు. ఒక్క పూటలో మ్యాన్ టు మ్యాన్ నేర్పలేరు కానీ, మనిషిని కేటాయించడం నేర్పవచ్చు. క్వార్టర్ మొదలయ్యే ముందు రెండు జట్ల ఐదుగురినీ సెంటర్ లైన్‌కు ఇటొకరు అటొకరు నిలబెట్టండి, ఎత్తును, ఆటను బట్టి జోడీలు కలపండి. ఇద్దరూ చేతులు కలిపి ఎదుటివారి నంబరు పైకి చెప్పాలి: "నా మనిషి 9." అండర్-12లో నంబర్లు లేని టీ షర్టులైతే ఒక్కో జోడీకి ఒక్కో రంగు రిబ్బన్ మణికట్టుకు కట్టండి, ఎరుపు ఎరుపును గార్డ్ చేస్తుంది. సబ్‌స్టిట్యూట్ వచ్చినప్పుడు బయటికి పోయే పిల్ల రిబ్బన్ విప్పి లోపలికి వచ్చేదాని చేతికి కట్టి పోవాలి. ఐదు రంగులు, రెండేసి రిబ్బన్లు, పైగా పోయినవాటికి బదులు ఇంకో నాలుగు టేబుల్ మీద పెట్టుకోండి.